తరమణిలో ఆరు వారాలు

చెన్నై నగరానికి దక్షిణాన, అడయారు నది దాటిన తరువాత సముద్రపు ఒడ్డున తిరువాన్మియూరు, దానికి పడమరగా తరమణి ఉన్నాయి. రెండింటి నడుమ పాత మహాబలిపురం రహదారి సాగుతుంది. దాని ప్రక్కగా బకింగ్‌హాం కాలువ, కాలువ వెంబడి ఎత్తైన స్తంభాలపై నగర రైలు మార్గం కనిపిస్తాయి. ఈ కాలువ మనకు పరాయిది కాదు. కృష్ణా డెల్టాలో పెదగంజాం వద్ద మొదలై, ప్రకాశం, నెల్లూరు తీరాల వెంట దిగి, పులికాట్ సరస్సు మీదుగా మదరాసు చేరి, అక్కడి నుండి మరక్కాణం దాకా పోయే జలమార్గమిది. 1877–78 నాటి కరవులో కూలీలకు పని కల్పించడానికి అడయారు, కూవం నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల మేర త్రవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి స్థిరపడింది. ఉప్పు, కట్టెలు, ధాన్యం మోసిన పడవలు ఇప్పుడు లేవు. నగరంలో ఆ నీరు నల్లబడి, కదలక నిలిచి ఉన్నది.

తరమణి విద్యాసంస్థల పేట. గణిత విజ్ఞాన సంస్థ, స్వామినాథన్ పరిశోధన సంస్థ, పాలిటెక్నిక్కులు, వాటి ప్రహరీల మీదుగా వంగిన చెట్లు ఉన్నాయి. ఆ వీథులలోనే 2019 జనవరిలో, నాటి ఉపరాష్ట్రపతి శ్రీ వెంకయ్యనాయుడు గారి చేతుల మీదుగా అపోలో ప్రోటాన్ క్యాన్సర్ కేంద్రం ప్రారంభమైంది. దక్షిణాసియాలో ప్రోటానులతో చికిత్స చేసే మొదటి కేంద్రమది.

మేము దంపతులము 2025 జనవరి 6 నుండి మార్చి మొదటి వారం వరకు ఆ ప్రాంతంలో కాపురమున్నాము. అర్జిత సెలవు పెట్టి వెళ్ళిన ప్రయాణమే గాని విహారయాత్ర కాదు. విజయవాడలో ఉన్న మా అమ్మాయి కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, అంతకు ముందు దీపావళి నాటి నుండి ప్రొద్దున్నే తలనొప్పి, వాంతులు అంటూ ఉండేది. ఒక వైద్యులు కళ్ళజోడు వ్రాసి ఇచ్చారు. నడకలో తూలు కనిపించిన తరువాత స్కాను తీయగా చిన్నమెదడులో గడ్డ ఉన్నట్లు తేలింది. డిసెంబరు రెండవ వారంలో శస్త్రచికిత్స జరిగింది. గడ్డ పూర్తిగా వచ్చిందనీ, అది మెడుల్లోబ్లాస్టోమా అనీ చెప్పారు.

ఈ జబ్బుకు ఒక దుర్గుణం ఉన్నది. మెదడు, వెన్నుపాముల చుట్టూ తిరిగే ద్రవంలో కలిసి అది ఎక్కడికైనా పోగలదు. కావున గడ్డ ఉన్న చోటికే కాక మెదడు మొత్తానికీ, వెన్నెముక పొడవునా రేడియేషన్ ఇవ్వవలసి ఉంటుంది. శస్త్రచికిత్స తరువాత ఆరు వారాలు దాటకుండా మొదలుపెట్టాలి కూడా. అంటే మాకు ఆలోచించుకోవడానికి దొరికిన గడువు ఒక నెల.

మా వృత్తి ఉష్ణ విద్యుత్ కేంద్రాలలో బాయిలర్ల నిర్వహణ. గొట్టాల అతుకులను ఇరిడియం-192 గామా కిరణాలతో ఫిల్ము మీద చిత్రించడం మన సంస్థలో చాలామందికి పరిచయమే. మూలకాన్ని గొట్టానికి ఒక ప్రక్క, ఫిల్మును రెండవ ప్రక్క పెడతాము. కిరణం రెండు గోడలనూ దాటి వెలుపలికి వస్తుంది గనుకనే చిత్రం పడుతుంది. ఆ గుణమే మనకు అక్కడ ఉపకారం. పిల్ల వెన్ను మీద ప్రయోగించే ఎక్స్-కిరణాలది కూడా అదే గుణం. వెన్నెముకలో తమ పని చేసి అక్కడ ఆగవు. ముందున్న గుండె, ఊపిరితిత్తులు, గొంతులోని థైరాయిడు, ప్రేగులు, అండాశయాలు వీటన్నింటి గుండా పోయి ప్రొట్ట నుండి బయటికి వస్తాయి. పెద్దవారి విషయంలో సరిపుచ్చుకోవచ్చునేమో గాని, ఇంకా అరవై డెబ్బై ఏళ్ళు బ్రతకవలసిన పిల్ల విషయంలో ఆ బయటికి వచ్చే భాగమే మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ప్రోటాను ఆగుతుంది. వెన్నెముక దాటకుండా ఆపవచ్చును. ఆ ఒక్క మాట మీద మేము భవిష్యనిధిలో దాచుకున్న సొమ్ము తీశాము. నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో టాటా స్మారక కేంద్రం వారు కూడా 2023 నుండి ఈ చికిత్స చేస్తున్నారు. దూరమూ భాషా ఆలోచించి మేము చెన్నైకే మొగ్గు చూపాము.

విజయవాడలో తెల్లవారుజామున పినాకిని ఎక్కాము. ఒంగోలు, నెల్లూరు, గూడూరు దాటి, శ్రీహరికోటకు దారితీసే సూళ్ళూరుపేట దాకా కిటికీ ప్రక్కన కూర్చున్న పాప అక్కడ నిద్రపోయింది. తిరువాన్మియూరులో అద్దెకు ఒక మేడ గది కుదిరింది. ఇంటివారికి తెలుగు వచ్చును. ఆ ఊళ్ళో ఇది వింత కాదు.

ఇక యంత్రం సంగతి. మన పాఠకులలో చాలామంది ఇంజనీర్లే గనుక కొంచెం విస్తరించి చెప్పవచ్చును. హైడ్రోజన్ పరమాణువు నుండి ఎలక్ట్రానును ఊడదీయగా మిగిలినదే ప్రోటాను. దానిని సైక్లోట్రాన్ అనే వలయాకారపు త్వరణ యంత్రంలో త్రిప్పి 230 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి తెస్తారు. అప్పటికి దాని వేగం కాంతి వేగంలో అరవై శాతం. నీటిలో సుమారు 33 సెంటీమీటర్లు చొచ్చుకుపోగలదు. బెల్జియంలో తయారైన ఈ సైక్లోట్రాన్ బరువు 220 టన్నులు, వ్యాసం నాలుగు మీటర్ల పైచిలుకు. మనవద్ద జనరేటరు స్టేటరు కూడా ఇంతే బరువు తూగుతుంది గాని, అందులో నుండి ఊరు ఊరంతటికీ విద్యుత్తు వస్తుంది. ఇందులో నుండి వచ్చే ప్రవాహం చికిత్స గదిలో నానో ఆంపియర్లలో ఉంటుంది. రోగి చుట్టూ కిరణాన్ని త్రిప్పే ఉక్కు చట్రాన్ని గాంట్రీ అంటారు. నూరు టన్నులకు పైబడిన ఆ చట్రం మూడంతస్తుల ఎత్తున, మిల్లీమీటరు ఖచ్చితత్వంతో తిరుగుతుంది. రోగికి కనిపించేది మాత్రం తెల్లని గది, ఒక బల్ల, ఒక ముక్కు వంటి గొట్టం. సైక్లోట్రాన్ రెండు మీటర్లను మించిన కాంక్రీటు గోడల వెనుక ఉంటుంది. దానిని చూడలేకపోయామన్న లోటు మాలోని ఇంజనీరుకు ఇప్పటికీ ఉన్నది.

సైక్లోట్రాన్ ఎప్పుడూ ఒకే శక్తిని ఇస్తుంది. లోతు తగ్గించవలసి వచ్చినప్పుడు దారిలో గ్రాఫైటు ముక్కను అడ్డుపెట్టి ప్రోటానుల వేగం తగ్గిస్తారు. ఆ తరువాత అయస్కాంతాలతో పెన్సిలు మొనంత సన్నని కిరణాన్ని అటూ ఇటూ నడుపుతూ, లోపలి నుండి పైకి, పొర తరువాత పొరగా రంగు వేసినట్లు మోతాదును నింపుతారు.

ఈ చికిత్స ఆలోచన 1946 నాటిది. లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో పాల్గొన్న రాబర్ట్ విల్సన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు, యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, ప్రోటానులతో గడ్డలకు చికిత్స చేయవచ్చునని ఒక వ్యాసం ప్రచురించారు. 1954లో బర్క్‌లీలో మొదటి రోగికి చికిత్స జరిగింది. ఆసుపత్రిలోనే ఇందుకొక యంత్రం నెలకొన్నది మాత్రం 1990లో, కాలిఫోర్నియాలోని లోమా లిండాలో.

మొదటి రెండు వారాలు చికిత్స లేదు, సన్నాహమే. వేడినీటిలో మెత్తబడే జల్లెడ వంటి ప్లాస్టిక్ పలకను పాప ముఖం మీద పరచి, చల్లారాక గట్టిపడిన ముసుగు చేశారు. ప్రతిరోజూ తల అదే చోట, అదే వంపులో ఉండడానికి అది ఆధారం. తరువాత సి.టి. స్కాను తీశారు. ఎముక ఎంత, మెత్తని కండ ఎంత, గాలి ఎంత అన్నది ఆ స్కాను నుండి లెక్కకట్టి, ప్రోటాను ఎక్కడ ఆగుతుందో నిర్ణయిస్తారు. ఈ లెక్కలో రెండు మూడు శాతం అనిశ్చితి తప్పదు. పది సెంటీమీటర్ల లోతున అది మూడు మిల్లీమీటర్లు. కావున ఆ మేర వదులు ముందే కలుపుతారు.

ఇంతవరకు మాకు బాగానే అర్థమైంది. ఇంజనీరుకు తెలిసిన భాష ఇది. చిక్కల్లా ఆ తరువాత వచ్చింది.

చికిత్స పత్రంలో మొత్తం మోతాదు 54 గ్రే అని వ్రాసి ఉన్నది. రోజుకు 1.8 గ్రే చొప్పున 30 రోజులు. మొదటి 13 రోజులు మెదడుకూ వెన్నెముకకూ కలిపి, అది 23.4 గ్రే. మిగిలిన 17 రోజులు గడ్డ ఉన్న చోటికి మాత్రమే. గ్రే అంటే కిలోగ్రాముకు ఒక జూలు శక్తి. అలవాటు కొద్దీ ఒక చిత్తు కాగితం మీద లెక్కవేశాము. ఆరు వారాల మోతాదు మొత్తం ఒకేసారి ఇచ్చినా నీటి ఉష్ణోగ్రత డిగ్రీలో నూరవ వంతు కన్నా పెద్దగా పెరగదు. ఒక గుక్కెడు వేడి కాఫీ అంతకన్నా ఎక్కువ వేడిని లోపలికి తీసుకుపోతుంది. మరి ఇంత స్వల్ప శక్తి గడ్డను ఎట్లా చంపుతుంది? జీవితమంతా కెలోరీలతో, టన్నుల ఆవిరితో లెక్కలు వేసిన మాకు ఇది నమ్మశక్యం కాలేదు.

అక్కడి మెడికల్ ఫిజిసిస్టు ఒకరు, తమిళ యువకుడు, మధురై ప్రాంతం వాడు, మా చిత్తు కాగితం చూసి నవ్వారు. “మీరు బాయిలరు లెక్క వేశారు సార్. ఇక్కడ వేడి పని చేయదు. దెబ్బ ఎంత అన్నది కాదు, ఎక్కడ తగిలింది అన్నది ముఖ్యం” అన్నారు.

తెలుగులో ఒక ఇబ్బంది ఉన్నది. ప్రోటానునూ కణమే అంటాము, దేహంలోని సజీవమైన ఘటకాన్నీ కణమే అంటాము. కణాన్ని కణంతో కొట్టడం అంటే వినేవారికి ఏమి తెలుస్తుంది? అందువలన ఈ వ్యాసంలో కణమంటే జీవకణమే. ఆ జీవకణం నడుమ ఉండే కేంద్రకం మిల్లీమీటరులో నూరవ వంతు కన్నా చిన్నది. అందులో రెండు మీటర్ల పొడవైన డి.ఎన్.ఎ. దారం చుట్టుకొని ఉంటుంది. మెలి తిరిగిన తాళ్ళనిచ్చెన దాని ఆకారం, వెడల్పు రెండు నానోమీటర్లు. ఒక గ్రే మోతాదు తగిలిన ప్రతి కణంలోనూ ఈ నిచ్చెనకు ఒక ప్రక్క మాత్రమే తెగిన గాయాలు వేయి వరకు ఉంటాయి. ఎదుటి ప్రక్కను చూసి సరిచేసుకోవచ్చును గనుక కణానికి వాటితో పెద్ద భయం లేదు. రెండు ప్రక్కలూ ఒకే చోట తెగిన గాయాలు మాత్రం సుమారు నలభై. కణం చావు బ్రతుకులు ఈ నలభైతోనే ముడిపడి ఉన్నాయి.

మరి ప్రోటానుకు ఎక్స్-కిరణానికీ కణం దృష్టిలో తేడా ఏమిటి? మేము దీనిని రైలు బండితో పోల్చుకున్నాము. వేగంగా పోయే ఎక్స్‌ప్రెస్ చిన్న స్టేషన్లలో ఎవరినీ దింపదు. ప్రోటాను కూడా శరీరంలో ప్రవేశించేటప్పుడు వేగం మీద ఉంటుంది. దారిలోని ఎలక్ట్రానుల ప్రక్క నుండి క్షణంలో దాటిపోతుంది, తన శక్తిలో కొద్దిగానే వదులుతుంది. నెమ్మదించిన కొద్దీ ఒక్కొక్క ఎలక్ట్రాను ప్రక్కన ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువ శక్తిని దింపుతుంది, దింపినందున ఇంకా నెమ్మదిస్తుంది. చివరి కొద్ది మిల్లీమీటర్లలో పాసింజరు బండి అయిపోయి, ప్రతి స్తంభం దగ్గరా ఆగి, ఉన్నదంతా దింపి నిలిచిపోతుంది. విలియం బ్రాగ్ 1900 దశకం తొలి సంవత్సరాలలో ఆల్ఫా కణాల విషయంలో దీనిని గమనించారు. అందుకే ఆ శిఖరానికి ఆయన పేరు పెట్టారు.

కణానికి దీని వలన కలిగే ఫలితం ఏమంటే, మొదట్లో ప్రోటాను చేసే దెబ్బలు పదుల నానోమీటర్ల ఎడంలో పడతాయి. చివర్లో ఆ ఎడం కొద్ది నానోమీటర్లకు, అంటే డి.ఎన్.ఎ. నిచ్చెన వెడల్పు దరిదాపులకు వస్తుంది. అప్పుడు నిచ్చెన రెండు ప్రక్కలూ, మధ్య మెట్లూ ఒకే చోట గుంపుగా పాడవుతాయి. అలాంటి గాయాన్ని కణం అంత తేలికగా కట్టుకోలేదు. చూచి వ్రాసుకోవడానికి ఎదుటి ప్రక్క మిగలదు. అంటే ఒకే గ్రే అయినా దారి మొదట ఒక విలువ, దారి చివర మరొక విలువ.

ఈ తేడాకు లెక్కల్లో ఇచ్చిన స్థానం 1.1 అనే ఒక్క అంకె. ఎక్స్-కిరణాల కంటె ప్రోటానులు పది శాతం ఎక్కువ శక్తిమంతమని ప్రపంచమంతటా అంగీకరించిన గుణకమిది. పాప పత్రంలోని 54 ఆ గుణకంతో హెచ్చించిన సంఖ్య. నిజానికి యంత్రం ఇచ్చేది 49 గ్రే మాత్రమే. ఆ 1.1 ఎక్కడిది అని అడిగాము. చాలావరకు పాత జంతు ప్రయోగాల నుండి, ముఖ్యంగా ఎలుకల చిన్నప్రేగులోని కణాలపై చేసిన వాటి నుండి వచ్చిందట. అప్పటి నుండి ప్రయోగశాలలలో గిన్నెలలో పెంచిన కణాలపై ఎన్నో కొలతలు జరిగాయి. 2014లో హరాల్డ్ పగానెట్టి వాటిని క్రోడీకరించగా, దారి మొదట్లో ఆ గుణకం 1.1, గడ్డ మధ్యలో 1.15, దారి చివరి అంచున 1.35, అంచు దాటి మోతాదు పడిపోయే చోట 1.7 అని సగటులు తేలాయి. నరాల వంటి, నెమ్మదిగా స్పందించే ధాతువులలో అది ఇంకా పెరిగే అవకాశమున్నది.

ఇది విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఏ ‘ఆగడం’ కోసం ఇంత దూరం వచ్చామో, ఆ ఆగిన చోటే దెబ్బ లెక్కకన్నా గట్టిగా తగులుతుందన్నమాట. చిన్నమెదడుకు ముందు ఆనుకునే మెదడుకాండం ఉన్నది. శ్వాస, మ్రింగడం, గుండె నడక అన్నీ దాని అధీనం. గడ్డ ఉన్న చోటికి వెనుక నుండి వచ్చే కిరణం ఆగవలసిన చోటు సరిగ్గా దాని ముంగిట.

మరునాడు మా అమ్మాయే అడిగింది. “కిరణం ఎక్కడ ఆగుతుంది డాక్టరు గారూ? కాండంలోనా, బయటా?” వైద్యులు విసుక్కోలేదు. తెర మీద ప్రణాళిక తెరిచి చూపించారు. ఒకే దిశ నుండి కొట్టరు. మూడు దిశల నుండి వచ్చే కిరణాలు మూడూ ఒకే చోట ఆగకుండా, ఏదీ తన చివరను మెదడుకాండం లోపల పెట్టకుండా కోణాలు ఎంచుతారు. కాండం చేరే మోతాదుకు హద్దు పెడతారు. పత్రంలో 1.1 అనే ఉంటుంది గాని, కోణాలు ఎంచేటప్పుడు ఆ పెద్ద అంకెలు మనసులో ఉంటాయి. పిల్లలలో మెదడుకాండం దెబ్బతిన్న సందర్భాలు లోకంలో ఉన్నాయి, అరుదు, అయినా ఉన్నాయి, అని దాచకుండా చెప్పారు. మాకు ధైర్యం కలిగించినది ఆ దాచకపోవడమే.

వెన్నెముక విషయంలో మరొక మాట చెప్పారు. వెన్నుపాము వెనుకనే ఉన్నా, కిరణాన్ని దాని వద్దే ఆపరు. ముందున్న పూస మొత్తాన్నీ కలుపుతారు. సగం పూసకు మోతాదు తగిలి సగానికి తగలకపోతే, ఎదిగే పిల్లలో ఒక సగం పెరిగి, ఒక సగం ఆగి వెన్ను వంగుతుంది. అందరి పూసలూ సమంగా కొంచెం తగ్గి ఎదగడమే మేలట. పాప నిలువు ఎత్తులో కొంత పోతుంది, వంకర రాదు. ఇది వినడం కష్టంగానే ఉన్నది. ఇంజనీరింగులో సమంగా తరిగే అరుగుదల నయమనీ, ఒక ప్రక్క అరిగే షాఫ్టు ప్రమాదమనీ మనకు తెలిసినదే.

జనవరి 20, సోమవారం చికిత్స మొదలైంది. బల్ల మీద ఇరవై ముప్పై నిమిషాలు. కిరణం పడేది అందులో కొద్ది నిమిషాలే, తక్కినదంతా పాపను సరైన చోట పడుకోబెట్టడానికి. నొప్పి లేదు, వేడి లేదు. “తాతయ్యా, ఎక్కడ ఆగాలో దానికి ఎవరు చెప్పారు?” అని పాప అడిగింది. ఎవరూ దారిలో చెప్పరనీ, బయలుదేరేటప్పుడే ఎంత వేగంతో పోవాలో నిర్ణయించి పంపుతారనీ చెప్పాము. “అయితే దారిలో మనసు మార్చుకోలేదు” అన్నది. అంతే.

మధ్యాహ్నానికల్లా పని ముగిసేది. సాయంకాలాలు మావి. తిరువాన్మియూరు తీరం గది నుండి పది నిమిషాల నడక. మెరీనా జనసమ్మర్దం అక్కడ లేదు. ఇసుకలో కూర్చునేవారు, పటాలు ఎగరవేసే పిల్లలు, శనగలు అమ్మేవారు, అంతే. పాప కెరటాల అంచున తడి ఇసుకలో గోళీలు దొర్లించేది. తడి ఇసుకలో దూరం, పొడి ఇసుకలో దగ్గర. సి.టి. స్కాను ఎందుకు తీశారో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఆ సాయంకాలాలకు కూడా చికిత్సలో భాగమున్నదని మాకు కొద్ది రోజులకు తెలిసింది. రోజూ ఇచ్చే 1.8 గ్రేకు ప్రతి కణంలోనూ డెబ్బై దాకా జంట తెగుళ్ళు పడతాయి. తెగిన కొన్ని నిమిషాలలోనే కణంలోని మరమ్మతు ప్రోటీనులు అక్కడికి చేరతాయి. కొన్ని తెగిన కొనలను తిన్నగా అతికిస్తాయి. అది త్వరగా అయ్యే పని, తప్పులు దొర్లే పని. కొన్ని జంట క్రోమోజోము పోగును మాదిరిగా పెట్టుకొని అక్షరం పొల్లు పోకుండా తిరగరాస్తాయి. అది కణం విభజనకు సిద్ధమవుతున్నప్పుడు మాత్రమే వీలవుతుంది. ఆరోగ్యవంతమైన కణంలో చాలావరకు మరమ్మతు ఆరు గంటలలో ముగుస్తుంది. గడ్డ కణాలలో ఈ యంత్రాంగం లోపభూయిష్ఠం కావచ్చును, పైగా అవి ఆగకుండా విభజన చెందే తొందరలో ఉంటాయి. 54 గ్రేను ఒకేనాడు ఇవ్వకుండా ముప్పై రోజులుగా విడగొట్టడంలోని మర్మమిదే. మంచి కణం ప్రతి రాత్రీ కోలుకొని లేస్తుంది, చెడ్డది బాకీ పేర్చుకుంటూ పోతుంది. మన కర్మాగారాలలో రాత్రి షిఫ్టు మరమ్మతు బృందం వంటిదన్నమాట. ఈ సంగతి తెలిసిన తరువాత పాపను తొమ్మిదింటికల్లా నిద్రపుచ్చడంలో అమ్మమ్మ ఇంకెవరి మాటా వినలేదు.

తిరువాన్మియూరు అనే పేరులో వాల్మీకి ఉన్నాడని అక్కడి వారంటారు. ఊరి నడుమ మరుందీశ్వరుని ఆలయం ఉన్నది. తమిళంలో ‘మరుందు’ అంటే మందు. శివుడు అగస్త్య మహర్షికి ఓషధుల గుణాలు ఉపదేశించిన స్థలమని ప్రతీతి. పడమటి ముఖంగా ఉన్న గర్భగుడి, విశాలమైన కోనేరు. తేవార గానం అందుకున్న పాత క్షేత్రం. మావంటి రోగుల బంధువులు అక్కడ ఎందరో కనిపిస్తారు. చేతిలో ఆసుపత్రి సంచి చూసి ఒకరినొకరు గుర్తుపడతారు. ఢాకా నుండి వచ్చిన ఒక ఇంటివారు, కలకత్తా నుండి వచ్చిన మరొకరు, అందరికీ ఒకే ప్రశ్న, “ఎన్నవ రోజు?”

మొదటి రెండు వారాలు పాపలో ఏ మార్పూ లేదు. పని చేస్తున్నదా అనే అనుమానం పుట్టింది. దానికీ కణమే సమాధానం. దెబ్బ తిన్న కణం వెంటనే చావదు. మామూలుగానే తిరుగుతుంది, విభజన చెందబోయినప్పుడు, తెగి తప్పుగా అతుక్కున్న క్రోమోజోములు రెండుగా విడిపోలేక అప్పుడు కూలుతుంది. వడిగా విభజన చెందే కణాలు ముందు బయటపడతాయి. మూడవ వారంలో జుట్టు గుప్పెళ్ళుగా రాలింది. మెడ వెనుక, వీపు మీద చర్మం కమిలింది. ప్రోటాను ఆగడంలో నేర్పరే గాని, ప్రవేశించే చోట చర్మాన్ని కాపాడదు. నరకణాలు దాదాపు విభజన చెందవు. కనుక వాటి కష్టమేదైనా ఉంటే నెలలకో ఏళ్ళకో గాని తెలియదు.

లింఫోసైటులనే తెల్ల రక్తకణాల తీరు వేరు. అవి విభజన దాకా కూడా ఆగవు, దెబ్బ తగలగానే తమంత తామే రాలిపోతాయి. వెన్నుపూసలలోని మూలుగకు మోతాదు తగలడంతో మూడు వారాలకు పాప రక్తపు లెక్క బాగా పడిపోయింది. చికిత్సకు విరామం ఇవ్వరాదు, గడ్డ కణాలకు ఊపిరి ఆడుతుంది. ఇవ్వకపోతే జ్వరం, సోకుడు భయం. వెన్ను భాగం 13 రోజులతో అప్పటికే ముగిసి ఉండడం మా అదృష్టం. నాలుగు రోజులు గది దాటనివ్వలేదు. గుడి లేదు, తీరం లేదు, కాచి చల్లార్చిన నీళ్ళు, మెత్తని అన్నం. లెక్క మళ్ళీ పైకి వచ్చిన కాగితం చూసి ఆసుపత్రి వరండాలో అమ్మమ్మ మనుమరాలు ఇద్దరూ ఏడ్చారు. ఒకరు దేనికో, మరొకరు దానిని చూసి.

ఆ జనవరిలో చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కళేబరాలు వందల సంఖ్యలో కొట్టుకు వచ్చిన సంగతి పాఠకులు పత్రికలలో చదివే ఉంటారు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే తల్లి తాబేళ్ళు మరపడవల వలలలో చిక్కి ఊపిరాడక చనిపోయాయి. మేమూ కొన్నింటిని చూశాము. పాపను ప్రక్కకు త్రిప్పి తీసుకుపోవడం అలవాటైంది. విద్యార్థుల తాబేళ్ళ సంరక్షణ బృందం ఒకటి చాలా ఏళ్ళుగా ఆ తీరంలో రాత్రిళ్ళు నడిచి, గుడ్లను ఏరి, బీసెంట్ నగర్ ఒడ్డున కంచె వేసిన పొదుగుడు చోట పాతిపెడుతున్నది. నలభై అయిదు రోజులు దాటాక పిల్లలు పైకి వస్తాయి. ఇసుక వేడిని బట్టి అవి ఆడవో మగవో అవుతాయట. కణాలు దేనికి లొంగుతాయో, దేనికి లొంగవో!

ఫిబ్రవరి 26న మహాశివరాత్రి. 28న ముప్పదవ రోజు. ముసుగును ఇంటికి ఇచ్చారు. పాప దానిని తెచ్చుకుంటానంటే అమ్మ వద్దన్నది, తాతయ్య సంచిలో పెట్టుకున్నాడు. మార్చి మొదటి వారంలో, బయలుదేరే ముందురోజు సాయంత్రం, బీసెంట్ నగర్ ఒడ్డున ఒక తట్టెడు తాబేలు పిల్లలను వదలడం చూశాము. అరచేతిలో సగం లేవు. పాప టోపీ పట్టుకొని వాటి వెనుకనే నీళ్ళ దాకా నడిచింది. తూలలేదు.

ఈ చికిత్స నిమిత్తం వెళ్ళవలసివచ్చే ఉద్యోగులకు రెండు మూడు విషయాలు. గడ్డ ముక్క ఉన్న మైనపు దిమ్మలు, శస్త్రచికిత్స ముందూ వెనుకా తీసిన స్కాన్ల డిస్కులు తప్పక వెంట తీసుకుపోవాలి. అన్ని గడ్డలకూ ప్రోటాను అక్కరలేదు. చాలా జబ్బులలో మంచి ఎక్స్-కిరణ చికిత్స సరిపోతుందని అక్కడి వైద్యులే చెబుతారు. అక్కరైన వారు ‘ఎక్కడ ఆగుతుంది’ అని అడగడానికి మొగమాటపడవద్దు. గదిని తిరువాన్మియూరు స్టేషను దగ్గర తీసుకుంటే రైలూ, గుడీ, సముద్రమూ మూడూ అందుబాటులో ఉంటాయి.

ఏప్రిల్‌లో విజయవాడలో కీమోథెరపీ మొదలైంది. జూన్‌లో తీసిన ఎం.ఆర్.ఐ.లో గడ్డ జాడ లేదు. అయితే మెదడు మొత్తానికి 23.4 గ్రే తగిలిన మాట ప్రోటానులతోనూ మారదు. ఎదుగుదల హార్మోను, వినికిడి, చదువులో వేగం ఇవన్నీ ఏళ్ళ తరబడి చూసుకోవలసినవే. మా అమ్మాయి ఇంట్లో తలుపు చట్రం మీద పాప ఎత్తును పెన్సిలుతో గీతలు గీసి తారీఖులు వేస్తున్నారు. 2025 జనవరి గీతకూ, మొన్న దసరాకు వెళ్ళినప్పుడు మేము గీసిన గీతకూ మధ్య స్కేలు పెట్టి చూశాము. ఒకటిన్నర సెంటీమీటర్లు ఉన్నది.